లక్క తిప్పే చెయ్యి ఆగిన పూట

మాది హైదరాబాద్ పత్తర్‌గట్టి వెనక గల్లీలో లక్క గాజుల పని. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడగానే గాజుగా తిప్పెయ్యాలి. ఆగామా, బిగుసుకుపోతుంది. అందుకే పనిలో ఉంటే ఎవరు పిలిచినా తల ఎత్తను. మా తమ్ముడికి ఆ సంగతి బాగా తెలుసు. అమ్మానాన్న పోయాక వాణ్ణి పెంచింది నేనే.

పెళ్లి సంబంధం వచ్చిన ప్రతిసారీ వాడికి జ్వరమే. ఎవరో వేరే కులం పిల్లను ఇష్టపడ్డాడేమో, చెప్పడానికి జంకుతున్నాడేమో అనుకున్నాను. కిందటేడు ఒకనాడు లక్క తిప్పుతూనే అడిగేశాను.

“ఎవలైతేంది రా? తీస్కరా. గల్లీల లొల్లి నేను చూస్కుంట.”

వాడు కుంపటికి అవతల కూర్చున్నాడు. “పిల్ల కాదక్కా. పిలగాడు.”

నా చెయ్యి ఆగిపోయింది.

“బ్యాగు సదురుకున్న,” అన్నాడు మెల్లగా. “పొమ్మంటే పోత.”

“ఎందుకు పొమ్మంట? గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?”

“సంబంధాలు తెచ్చే ముసలాయన నా అసుంటోళ్ల ముచ్చట చెప్పి నవ్విండు. నువ్వు గూడ నవ్వినవక్కా.”

చదువు మూడో తరగతితో ఆగినా, గల్లీలో ఏ ఆడపిల్ల చేతి కొలత ఎంతో నాకు నోటికే వచ్చు. ఆ నవ్వు మాత్రం గుర్తులేదు. వాడు మర్చిపోలేదు.

“తప్పయింది రా,” అన్నాను. కళ్లు తుడుచుకోబోతే వేళ్లకు లక్క అంటుకుని ఉంది. వాడే లేచి వచ్చి నూనె రాసి ఒలిచాడు.

“గింతకీ ఎవలు?”

“రోజు నన్ను నేను పనిజేసే దుకాణం నుంచి దించిపోతడు...”

“ఆ స్కూటరాయననా! ఆరేండ్ల సంది గల్లీ మొగదలనే నిలవెట్టినవా? నేను ఛాయ్ గూడ పొయ్యకుంటనా? సిగ్గుండాలె నీకు!”

వాడు ఏడుస్తూనే నవ్వాడు. ఆ సాయంత్రమే బ్యాగులోని చొక్కాలు మళ్లీ అల్మారాలోకి ఎక్కాయి.

ఆదివారం స్కూటరాయన మొదటిసారి మా మెట్లెక్కాడు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక గుమ్మం బయటే నిలబడ్డాడు. కింది వాటాలో ఉండే పెద్దామె తొంగిచూసింది. “ఎవలమ్మా ఆయన?”

నేను పొయ్యి మీది ఛాయ్ వైపు తిరిగాను. ఎంత చెప్పాలో, ఏం చెప్పాలో వాడి ఇష్టం. వాడు నా వైపోసారి చూశాడు.

“మా ఇంటి మనిషే, అత్తమ్మా.”

పెద్దామె ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. “ఇలాచీ వాసనొస్తుంది. నాకింత పొయ్యున్రి,” అంటూ పైకి వచ్చి, రెండు కప్పులు తాగి గానీ వెళ్లలేదు.