శారద పెట్టిన ప్రస్థానం

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇరవై ఏడేళ్లు చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశాను. అక్కడ ఒక సిలికాన్ పలక పాడైతే కారణం తేలేదాకా మమ్మల్ని ఇంటికి కదలనిచ్చేవారు కాదు. కారణం లేకుండా ఏదీ జరగదనే బుద్ధి నాకు అక్కడ అబ్బింది. ఇప్పుడు రాయబోయేదానికి మాత్రం కారణం దొరకలేదు. ఎవరికైనా దొరికితే చెప్పండి, వింటాను.

ఎనభైల మొదట్లో మేము అరిజోనాలోని చాండ్లర్‌లో ఉండేవాళ్లం. అప్పటికి ఊరి చుట్టూ పత్తి చేలు, వాటి మధ్య కొత్తగా లేస్తున్న ఇళ్లు. తెలుగు కుటుంబాలు నాలుగంటే నాలుగు. నేను, నా భార్య శారద, మా అమ్మాయి వాణి. ఈ సంగతి జరిగిన ఏడు వాణికి తొమ్మిదేళ్లు.

శారదకి ప్రయాణాల పిచ్చి. మంచాలు, పొయ్యి, చిన్న బాత్‌రూమ్ అన్నీ లోపలే ఉండే పాత మోటర్ హోమ్ ఒకటి పట్టుబట్టి కొనిపించింది. దాన్ని నడపడం, మురుగు ట్యాంకు ఖాళీ చేయడం నా పని. మిగతాదంతా ఆవిడే. నేషనల్ పార్కులకి కార్డులు రాసి మ్యాపులు తెప్పించుకునేది. ఏ రోజు ఎన్ని మైళ్లు, ఎక్కడ గ్యాస్, అదే పెట్రోలు, కొట్టించాలి, రాత్రికి ఎక్కడ మకాం, అన్నీ డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని రాసేది. ఆ సీజన్‌లో మేము వంటింట్లో నిలబడి తినాల్సిందే.

కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ పక్కన పెన్సిల్‌తో 'అ' అని రాసుకునేది. అ అంటే అన్నం. అక్కడ రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చన్నమాట. 'అ' లేనిచోట పులిహోరతోనో అటుకులతోనో సరిపెట్టుకోవాలి. అమెరికా మ్యాపు మీద అన్నం గుర్తులు పెట్టిన మనిషి నువ్వొక్కదానివేనని ఏడిపించేవాణ్ణి. "తినేటప్పుడు మాత్రం మొదటి ముద్ద మీదే కదా" అనేది.

ఈ విద్యంతా ఆవిడకి నేర్పింది హెలెన్. స్కూల్లో టీచరుగా రిటైరైన పెద్దావిడ. భర్త పోయాక ఇల్లు వదిలేసి మోటర్ హోమ్‌లోనే కాపురం పెట్టింది. చలికాలమంతా మా ఇంటికి మైలు దూరంలో, ఇలాంటి బండ్లు నిలుపుకునే ట్రెయిలర్ పార్కులో ఉండేది. ఎండలు ముదరకముందే ఉత్తరానికి బయల్దేరి, మళ్లీ అక్టోబరులో దిగేది. ఆవిడా శారదా లైబ్రరీలో ఒకే మ్యాపు కోసం చెయ్యి చాపి స్నేహితులయ్యారు.

ఇక్కడ ప్రస్థానం అంటే ఏమిటో చెప్పాలి, ఇప్పటివాళ్లకి తెలియకపోవచ్చు. మంచి ముహూర్తానికి బయల్దేరడం కుదరకపోతే, ఆ సమయానికి మన వస్తువేదైనా మూటగట్టి ఇంకొకరింట్లో పెట్టి వస్తారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే. తర్వాత వీలున్నప్పుడు కదిలి, దారిలో ఆ మూట తీసుకుని వెళ్లిపోవాలి. మూట తిరిగి ఇంటికి రాకూడదు. ఎంతమంది ప్రయాణం చేస్తే అందరివీ తలొక వస్తువు అందులో ఉండాలి.

శారద అమెరికాలో కూడా ఇది మానలేదు. ఇండియా నుంచి పంచాంగం తెప్పించుకుని, పన్నెండున్నర గంటలు తీసేసి, ఇక్కడి ముహూర్తం లెక్కగట్టేది. వర్జ్యానికి వీసా ఎవరిచ్చారని నేను అడిగేవాణ్ణి. ఆవిడ నా మాట పట్టించుకోకుండా నా చేతిరుమాలు ఒకటి, వాణి మేజోళ్ల జత ఒకటి, తన జాకెట్టు ఒకటి గుడ్డలో చుట్టి, ఇన్ని బియ్యపు గింజలు, ఒక పసుపు కొమ్ము వేసి, హెలెన్ బండిలో పెట్టి వచ్చేది. గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లినప్పుడూ అంతే, ఆ తర్వాత జయన్ పార్కుకి వెళ్లినప్పుడూ అంతే. హెలెన్ ఆ మూటని తన సీటు వెనక అరలో భద్రంగా పెట్టేది. 'ప్రస్టానమ్' అని పలకడం కూడా నేర్చుకుంది.

ఇవి రెండూ చిన్న ప్రయాణాలు. శారద మనసంతా పెద్దదాని మీద ఉండేది. యూటా మీదుగా యెల్లోస్టోన్, అక్కణ్ణుంచి కెనడా సరిహద్దులో ఉన్న గ్లేసియర్ దాకా, మూడు వారాలు. ఒకసారి కుదిరింది కాదు, ఆఫీసులో పని అడ్డం వచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో తప్పకుండా అన్నాను. ఆవిడ మళ్లీ మొదటినుంచి ప్లాన్ చేసింది. గ్లేసియర్‌లో హెలెన్ పక్క సైటులోనే దిగాలని ఇద్దరూ అనుకున్నారు.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, నాకు జూన్‌లో సెలవు దొరకదని చెప్పాను. ఫ్యాక్టరీలో కొత్త లైను మొదలవుతోంది. శారద మ్యాపు మడతపెడుతూ, "అయితే నేనూ పాపా వెళ్తాం" అంది. "ఆ బండి రివర్స్ చేయడం నీకొచ్చా?" అని నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. "మీకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఇంక మిమ్మల్ని అడగను" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. రెండ్రోజులు మూతి బిగించుకుని, మూడో రోజు తానే మాట్లాడుతుందిలే అనుకున్నాను. ఎప్పుడూ అలాగే జరిగేది.

సోమవారం ఉదయం వంటింట్లో పడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రిలో పోయింది. మధ్యలో కళ్లు తెరవలేదు. ముప్పై ఆరేళ్లు. నవ్వినందుకు తప్పైందని చెప్పడానికి వీలు లేకుండా పోయింది. నా మీద కోపంతోనే వెళ్లిపోయిందా అన్నది ఒక్కటే ఆ రోజునుంచి నన్ను తినేస్తూ వచ్చింది.

బుధవారం సాయంత్రం మా స్నేహితుడి భార్య లక్ష్మిగారు శారదకి కట్టడానికి ఆకుపచ్చ పట్టుచీర తీసి, దానిమీది జాకెట్టు ఇస్త్రీ చేసి, మా పడగ్గదిలో కుర్చీ మీద వేశారు. వేస్తుండగా నేను చూశాను. కుడి చేతి అంచు దగ్గర శారద తానే వేసిన కుట్టు ఉంది, ఎర్ర దారంతో. గురువారం పొద్దున్న చూస్తే చీర ఉంది, జాకెట్టు లేదు. లక్ష్మిగారు ఇల్లంతా వెతికారు. "అన్నయ్యగారూ, ఇక్కడే పెట్టానండీ, మీరు కూడా చూశారుగా" అని ఏడ్చారు. టైమ్ అయిపోతోందని చివరికి పసుపు జాకెట్టు తొడిగారు. తొమ్మిది గంటలకి దహనం జరిగింది.

ఆ గొడవలో హెలెన్‌కి కబురు చెప్పాలని నాకు తట్టలేదు. తట్టేసరికి ఆవిడ ఉత్తరానికి వెళ్లిపోయింది. ఇల్లులేని మనిషికి ఎక్కడికని ఉత్తరం రాయను?

ఆ వేసవి ఎలా గడిచిందో రాయలేను. వాణి తెలుగు మాట్లాడటం మానేసింది. నేను అన్నం ఉడికించిన రోజున తినేది కాదు. మోటర్ హోమ్ ఇంటి ముందే ఉండేది. దాని తలుపు మేమిద్దరమూ తెరవలేదు.

అక్టోబరులో ఒక శనివారం పగలు హెలెన్ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల కిందే నిలబడి, "షార్డాని పిలువు. మీకోసం గ్లేసియర్‌లో వారం రోజులు కూర్చున్నాను. ఆవిడ మూట నా దగ్గరే ఉంది, ఇంట్లోకి తేకూడదట కదా" అంది.

నేను చెప్పాను. ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏ రోజు పోయిందని అడిగింది. తేదీ చెప్పి, మంగళవారమన్నాను.

"కాదు. నేను బయల్దేరింది ఆ వారమే, గురువారం. నీళ్ల గొట్టం విప్పుతుంటే వచ్చి మూట ఇచ్చింది" అంది హెలెన్.

నాకు ఒళ్లు మండింది. పెద్దావిడ, రోజులు కలగాపులగం చేసుకుంటోంది, అదీ ఇలాంటి విషయంలోనా అనుకున్నాను. గొంతు కూడా పెంచానేమో. ఆవిడ బండిలోంచి లాగ్ పుస్తకం తెచ్చింది. రోడ్డు మీద బతికేవాళ్లందరూ రాసుకునేదే. తేదీ, మైళ్లు, గ్యాసు, వాతావరణం. గురువారం పేజీలో పైన మైళ్ల రీడింగు, దానికింద నాలుగు ముక్కలు. షార్డా ఎనిమిదిముప్పావుకి వచ్చింది, ప్రస్టానమ్ ఇచ్చింది, అలసిపోయినట్టుంది, కాఫీకి ఆగలేదు. ఆ పేజీకే ఆ రోజు గ్యాస్ కొట్టించుకున్న రసీదు అంటించి ఉంది.

ఆ తర్వాత నేను ట్రెయిలర్ పార్కు ఆఫీసుకి కూడా వెళ్లి రిజిస్టరు చూశాను. హెలెన్ ఖాళీ చేసింది గురువారం పొద్దున్నే. గురువారం ఎనిమిదిముప్పావుకి శారద ఎక్కడుందో నాకు తెలుసు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఇంకో సంగతి. ప్రస్థానం చెల్లేది మహా అయితే పది రోజులు. జూన్ ప్రయాణానికి ఏప్రిల్‌లో ఎవరూ పెట్టరు. అది శారదకి నాకంటే బాగా తెలుసు.

మూట మెట్ల మీదే విప్పాను. వాణి నా పక్కన వచ్చి కూర్చుంది. బియ్యపు గింజలు, పసుపు కొమ్ము. ఆకుపచ్చ జాకెట్టు. ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. కుడి చేతి అంచున ఎర్ర దారం కుట్టు. నేను దాన్ని చేత్తో తడిమి తడిమి చూశాను.

అంతే, ఇంకేమీ లేదు. వాణి గుడ్డ దులిపి చూసింది. గింజలు కిందికి రాలాయి.

"నాన్నా, నా సాక్స్ ఏవి?" అంది. ఆర్నెల్ల తర్వాత దాని నోట తెలుగు. "అమ్మ నాది పెట్టలేదు. నన్ను మర్చిపోయింది."

హెలెన్‌కి మాట అర్థం కాకపోయినా మొహం పక్కకి తిప్పుకుంది. వాణి లేచి లోపలికి పరిగెత్తింది. తన మేజోళ్ల జత తెచ్చి, జాకెట్టు పక్కన పెట్టి, గుడ్డ ముడివేయబోయింది.

నేను దాని చెయ్యి పట్టుకుని లాగేశాను. మేజోళ్లు లాక్కుని వాకిట్లోకి విసిరేశాను. వద్దని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు. పిల్ల బిక్కచచ్చిపోయి నిలబడింది. దాని మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోనివాణ్ణి, మణికట్టు కమిలిపోయేలా పట్టుకున్నాను. ముహూర్తాలనీ వర్జ్యాలనీ వెక్కిరించినవాణ్ణి, తొమ్మిదేళ్ల పిల్ల మేజోళ్లు ఒక మూటలో పడతాయేమోనని హడలిపోయాను.

తర్వాత దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చాను. "అమ్మ మర్చిపోలేదురా. కావాలనే పెట్టలేదు. నిన్ను తీసుకెళ్లడం ఇష్టం లేక పెట్టలేదు" అన్నాను. అంటున్నప్పుడు అది నిజమని నాకు తెలుసు, ఎందుకంటే ఒక్క నిమిషం ముందు నేను చేసిందీ అదే. వాణికి ఎంత అర్థమైందో తెలియదు. నా చొక్కా పట్టుకుని అలాగే నిద్రపోయింది.

మూటని ఇంట్లోకి తేలేదు. హెలెన్ మళ్లీ ముడివేసి తీసుకెళ్లింది. మరుసటి వేసవిలో గ్లేసియర్‌లో ఒక చెరువు దగ్గర వదిలి వచ్చానని కార్డు రాసింది. కొన్నేళ్లకి ఆవిడ కూడా పోయింది.

లక్ష్మిగారు ఇప్పటికీ ఉన్నారు. అడిగితే అదే చెబుతారు, బుధవారం సాయంత్రం ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశానని. దుఃఖంలో ఆవిడా నేనూ ఇద్దరం ఒకే పొరపాటు పడ్డామని సరిపెట్టుకోవచ్చు. హెలెన్ పుస్తకంలో రోజు తప్పు రాసిందనుకోవచ్చు. రసీదు వేరే రోజుదనుకోవచ్చు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణం చెప్పుకుంటూ చాలా ఏళ్లు గడిపాను. అన్నీ కలిపితే ఏ కారణమూ నిలవడం లేదు.

అది కూడా వదిలేశాను. వచ్చింది శారదేనని ఒప్పుకున్నా నా ప్రశ్న అలాగే ఉంది. వాణిది ఎందుకు పెట్టలేదో తెలుసు, తల్లి కాబట్టి. మరి నా చేతిరుమాలు ఎందుకు పెట్టలేదు? నేను బతకాలనా, ఇంక నన్ను అడగనన్నందుకా?