గాజు కింద బెంచీ

ఊరి శివార్లలోని ఆ ప్రభుత్వ హైస్కూల్లో పుస్తకంలోని చరిత్ర చెప్పాలంటే సోషల్ మాస్టారికే నిద్ర ముంచుకొస్తుంది. బడి చరిత్ర అడిగితే మాత్రం పూనకమే. వరండాలో గాజు పలక కింద భద్రపరిచిన పాత బెంచీ ఆయన ప్రాణం. దాని మీద చెక్కిన, సగం అరిగిపోయిన అక్షరాలు బడి కట్టించిన పెద్దాయన పేరేనని తేల్చింది కూడా ఆయనే. ఎవరొచ్చినా లేని కండువా సర్దుకుని మరీ చూపిస్తారు. ఇప్పటి పిల్లలు బెంచీ మీద చెక్కితే మాత్రం అది చరిత్ర కాదు, నేరం. ఆ రోజు కూడా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి అలా చెక్కుతూ దొరికితే, కంపాసు లాక్కుని వరండాలో నిలబెట్టారు.

అంతలో తనిఖీకి కొత్త అధికారిణి వచ్చింది. మాస్టారు యథావిధిగా బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి పెద్దాయన గొప్పతనం ఏకరువు పెట్టారు. ఆవిడ వంగి చూసి, "పెద్దాయన పేరు కాదండీ మాస్టారూ, 'కునుకు మాస్టారు' అని ఉంది. మీరు క్లాసులో గురక పెడుతుంటే నేనే చెక్కాను" అంది.

నిలబడ్డ పిల్ల కిసుక్కున నవ్వింది. మాస్టారు తొణకలేదు. "చూశారా మేడమ్, ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఎంతవాళ్ళయ్యారో!" అన్నారు.

ఆవిడ జీపు గేటు దాటగానే, ఎందుకైనా మంచిదని, ఆ పిల్ల కంపాసు ఆ పిల్లకి తిరిగి ఇచ్చేశారు.