కిటికీ కింది మూడు కన్నాలు

ఆ కిటికీని ఎటు తుడిచినా మసక పోలేదు. గది లోపలి నుంచి తుడిచాను. వరండాలోకి వెళ్ళి బయటి నుంచి తుడిచాను. వేలితో గీత గీస్తే వేలికి తడి అంటలేదు. అప్పుడు అర్థమైంది, తడి రెండు అద్దాల మధ్యన చేరిందని. అక్కడికి నా గుడ్డ చేరదు.

అది కార్తీకమాసం, శనివారం. కాలెండరు వెనక రాసుకున్నాను. ఇంట్లో ఏ వస్తువు ఎప్పుడు కొన్నదీ, ఎప్పుడు చెడిందీ, ఎలా బాగైందీ రాసుకోవడం నాకు పెళ్ళైనప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఈ కిటికీ గురించి రాసినంతగా మరి దేని గురించీ రాయలేదు.

మా ఇల్లు రావులపాలెంలో, అరటి మార్కెట్టుకి వెళ్ళే లారీలు మలుపు తిరిగే చోట ఉంది. మావారు ఇల్లు కట్టించిన రోజుల్లో ఆ మలుపులో ఎడ్లబళ్ళే ఎక్కువ. ఆయన పోయేనాటికి లారీలు వరస కట్టేశాయి. గెలలు దింపేవాళ్ళ కేకలు, హారన్లు, బ్రేకు వేసినప్పుడు బుస్సుమనే గాలి. నాకూ మా అబ్బాయికీ అలవాటైపోయింది. వాడు కొత్తపేటలో మోటారు పంపుల కొట్టు నడుపుతున్నాడు. పడుకుంటే పిడుగు పడినా లేవడు. అలవాటు కానిది మా కోడలికి.

ఆమెకి మొదటి కడుపు మూడో నెలలో పోయింది. రెండోది అయిదో నెలలో. రెండోసారి రాజమండ్రిలో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చూసి, మందులు రాసి, చివర్లో అడిగింది: "నిద్ర పడుతోందా అమ్మా?" కోడలు లేదని తల అడ్డంగా ఊపింది. "ముందు నిద్ర పోవాలి. ఆ తరవాతే ఏదైనా" అంది ఆవిడ.

మా అబ్బాయి ఆ వారంలోనే వాళ్ళ గదికున్న పాత చెక్క కిటికీ తీయించి, జంట అద్దాల కిటికీ పెట్టించాడు. పక్కకి జరిపే రకం. అద్దానికీ అద్దానికీ మధ్య సగం అంగుళం ఖాళీ, చుట్టూ గాలి చొరబడకుండా జిగురు. పక్కింటావిడ వచ్చి వేళ్ళతో తట్టి చూసింది.

"వదినగారూ, అద్దాలు రెండేసి వేయించేరు, ఎండ రెండింతలు రాదాండీ?"

"శబ్దం సగమవుతుందంటండి" అన్నాను.

సగం కాదు, దాదాపు పోయింది. ఆ మధ్యాహ్నం కోడలు మూడు గంటలు పడుకుంది. నేను వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. లేచాక ఆమె ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతూ ఏడవడం అద్దంలోంచి కనిపించింది. పెదాలు కదులుతున్నాయి, భుజాలు కదులుతున్నాయి, మాట ఒక్కటీ బయటికి రాదు. శబ్దం లోపలికి రాకుండా చేసినప్పుడు బయటికీ రాకుండా చేశామని నాకు ఆ రోజే తెలిసింది.

మొదటి ఏడాది ఆ కిటికీ నాకు చాలా పని నేర్పింది. ముందు లాకు బిగుసుకుంది. మా వైపు తలుపు గడియకైనా, కుట్టుమిషనుకైనా, చంటిపిల్ల మాడుకైనా కొబ్బరినూనే. లాకుకీ, కింది చక్రాలకీ అదే పోశాను. పుష్యమాసం చలికి నూనె పేరుకుంది. లారీలు లేపే దుమ్మంతా దాంట్లో కలిసి పాకంలా తయారైంది. దాని మీదికి చీమలు బారు కట్టాయి. రెక్క అంగుళం కదల్లేదు. సబ్బునీళ్ళతో రెండు పూటలు కడిగి, ఆరబెట్టి, హార్డ్‌వేరు కొట్లో అమ్మే సిలికాన్ స్ప్రే కొట్టాక కదిలింది. కొబ్బరినూనె పనికిరాని చోటు మా ఇంట్లో అదొక్కటే.

తరవాత రెక్క ఒక మూలకి ఒరిగి, అది జారే కింది పట్టాకి రాసుకోవడం మొదలెట్టింది. రెక్క అడుగున పక్కగా ఒక మర ఉంటుంది. దాన్ని సగం చుట్టు తిప్పితే చక్రం కిందికి దిగి రెక్క పైకి లేస్తుంది. ఒక్కసారిగా ఎక్కువ తిప్పకూడదు. ఆ పైన హారన్ల మోత మళ్ళీ సన్నగా వినపడసాగింది. అగరొత్తి వెలిగించి అంచుల వెంబడి నెమ్మదిగా తిప్పాను. పై మూల దగ్గర పొగ వంగింది. అక్కడ రబ్బరు ఎండకి కుంచించుకుపోయి గోరంత సందు ఏర్పడింది. రబ్బరుని సాగదీయకుండా, చెంచా కాడతో మూల వైపు నొక్కుకుంటూ వెళ్ళి, చివర చిటికెడు జిగురు పెట్టాను. మోత ఆగింది. ఇవన్నీ నేనే చేసుకున్నాను. ఎవరినీ పిలవలేదు.

రెండో ఏడాది ఫాల్గుణంలో కందిరీగ వచ్చింది.

వరండాలోకి జల్లు కొట్టినప్పుడు ఈ రకం కిటికీకి కింద పట్టాలో వాననీళ్ళు పడతాయి. అవి పోవడానికి చట్రం బయటివైపు మూడు సన్నటి కన్నాలు ఉంటాయి, ఒక్కోటి అగ్గిపుల్ల పొడవు. మట్టి గూడు కట్టే నల్ల కందిరీగ ఒకటి మధ్య కన్నాన్ని చూసుకుంది. గోదావరి ఒండ్రు, తడిగా ఉంటే వెన్న, ఎండితే ఇటుక. రెండు రోజుల్లో ఆ కన్నం మూసుకుపోయింది. నేను చీపురుపుల్ల తీసుకుని వెళ్ళాను.

"అత్తయ్యగారండీ, ఆగండి."

కోడలు వెనకే వచ్చి నా మణికట్టు పట్టుకుంది. మా ఇంటికి వచ్చాక ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"నీళ్ళు పోవాల్సిన దారమ్మా ఇది. వానలొస్తే పట్టా నిండిపోద్ది" అన్నాను.

"వానలకింకా మూడు నెలలుంది కదండీ. మీరు ఇలాంటివి నమ్మరని తెలుసండి. మా అమ్మమ్మ చెప్పేదండి, కందిరీగ గూడు పెట్టిన ఇంట్లో ఏడు తిరక్కుండా ఉయ్యాల వేస్తారని. దాన్ని చెదరగొడితే..." మిగతాది అనలేదు.

ఆ మాట మా వైపు ఆడవాళ్ళందరికీ తెలిసిందే. నేను నమ్మను. గోడలకీ, దూలాలకీ, మావారి ఫోటో వెనకా ఎన్ని గూళ్ళు పెట్టలేదు, ఎన్ని నేను దులిపెయ్యలేదు!

"అది ఇంటి గోడకి పెడితే కదమ్మా. ఇది ప్లాస్టిక్ కిటికీ" అన్నాను.

"దానికేం తెలుసండి!" అంది. అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో నేను లెక్క వెయ్యలేదు. చీపురుపుల్ల కింద పడేశాను.

ఆ వారంలో తక్కిన రెండు కన్నాలూ మూసుకుపోయాయి. వాకిట్లో కుళాయి పక్కన నేల ఎప్పుడు చూసినా తడిగా ఉంటోందేమిటా అనుకున్నాను. కుళాయి కారుతోందేమోనని వాషరు మార్చాను. అయినా తడే. ఒక ఉదయం చూద్దును కదా, కోడలు చెంబుతో నీళ్ళు పోస్తోంది. కందిరీగ అక్కడ వాలి, ఆవగింజంత బురద ముద్ద చేసుకుని, కిటికీ వైపు ఎగిరి వెళ్తోంది. నేను వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆషాఢంలో ఆమెకి పదకొండు రోజులు ఆలస్యమైంది. ఆ పదకొండు రోజులూ ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు. పన్నెండో రోజు పొద్దున్న ఆమె తలంటుకుని, తడి జుట్టుతో వచ్చి, పెరట్లో తీగ మీద దుప్పటి ఆరేసింది. నేను కాఫీ ఇచ్చాను. తీసుకుంది. అంతే.

అప్పటికి వానలు పట్టాయి. కన్నాలు తీసేద్దామని నేను అనలేకపోయాను. వాన కురిసిన ప్రతి పొద్దునా పట్టాలో గుడ్డ ముంచి, గిన్నెలో పిండి, పారబోసేదాన్ని. ఒక్కో రోజు మానెడు నీళ్ళు వచ్చేవి. గుడ్డ అందని లోపలి మూలల్లో ఎప్పుడూ కొంత మిగిలేది. అద్దం అడుగు అంచు ఆ తడిలోనే ఉండేది. ఆ వానాకాలం అలా గడిచింది. మధ్యలో గూడుకి పక్కన గుండ్రటి చిల్లులు పడ్డాయి. పిల్లలు ఎగిరిపోయాయన్నమాట. చిల్లు పడ్డ గూట్లో ఏమీ ఉండదని నాకు తెలుసు. ఆమెకీ తెలిసే ఉండాలి. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. రెండో వానాకాలమూ గుడ్డ ముంచి పిండాను. అప్పుడొచ్చింది ఆ కార్తీకంలో మసక.

కిటికీ పెట్టినతన్ని పిలిపించాను. రాజోలు మనిషి. దుబాయ్‌లో అద్దాల పని చేసి వచ్చి ఇక్కడ షాపు పెట్టుకున్నాడు. గొంతు పెద్దది.

"ఎలా ఉన్నారు మామ్మగారండీ?"

"నేను బానే ఉన్నాను. నీ కిటికీకే శుక్లాలొచ్చేయి."

"ఆయ్, ఆపరేషన్ చేసేద్దామండి. చిన్న కన్నం పెట్టి, లోపల తేమ లాగేసి, మూసేస్తాను. దుబాయ్‌లో ఇలాంటివి బోల్డు చేసేం."

"మళ్ళీ ఎన్నాళ్ళకొస్తది?"

"ఎండాకాలం దాకా ఢోకా లేదండి!"

"అంటే వానాకాలానికొస్తది."

అతను తల గోక్కున్నాడు. "అద్దాల జత మార్చెయ్యడమే నయమండి" అని ఒప్పుకున్నాడు. రెండు అద్దాల మధ్య అంచున సన్నటి పట్టీ ఉంటుంది. దాని లోపల తేమని పీల్చే గింజలు పోస్తారు, మాత్రల సీసాలో వేసే పొట్లంలో ఉంటాయే, అలాంటివి. చుట్టూ ఉన్న జిగురు ఎక్కడైనా వదిలితే బయటి తేమ చేరుతుంది, గింజలు తాగినంత తాగి ఊరుకుంటాయి. ఆ తరవాత దాన్ని బాగుచెయ్యడం ఉండదు. చట్రం అలాగే ఉంచి అద్దాలు మార్చాలి.

జిగురు ఎందుకు వదిలిందో చూద్దామని అతను వరండాలో గొంతుకూచున్నాడు.

"వార్నీ! కందిరీగలకి గృహప్రవేశం చేయించేరేంటండీ! ఇలాగైతే నీళ్ళెక్కడికి పోతాయి? జిగురు నానిపోయిందండి" అంటూ జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

అప్పుడు అద్దం మీద అరచెయ్యి కనిపించింది. కోడలు లోపలి నుంచి కొడుతోంది. మసకలో ముఖం సరిగా తెలియడం లేదు, నోరు తెరిచి ఏదో అరుస్తోందని మాత్రం తెలుస్తోంది. అద్దం సన్నగా అదురుతోంది, మాట రావడం లేదు. ఆ అరచెయ్యి తెల్లగా, చదునుగా, మళ్ళీ మళ్ళీ.

"ఆగు బాబూ" అన్నాను. "అది తియ్యకు."

"తియ్యకపోతే కొత్త అద్దం కూడా ఇలాగే పోద్దండి. నా మీద అనకూడదు మరి."

"అనను. నేను ఫోన్ చేసేదాకా రాకు."

ఆ సాయంత్రం మా అబ్బాయికి చెప్పాను. వాడు అన్నం కలుపుతూ, "ఖాళీ గూడు కోసం ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు. మజ్జిగ తెస్తున్న కోడలు గుమ్మంలో ఆగింది. మజ్జిగ వడ్డించి వెళ్ళిపోయింది. వాడు అన్నం మధ్యలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మార్గశిరంలో ముగ్గురం రాజమండ్రి వెళ్ళాం. డాక్టరమ్మ కొత్త పరీక్షల కాగితాలు రెండుసార్లు చూసింది. కళ్ళజోడు తీసి మా అబ్బాయితో, "ఇంక ప్రయత్నం వద్దు బాబూ. ఈవిడ ఒళ్ళు తట్టుకోలేదు" అంది. తిరుగు ప్రయాణంలో కోడలు బ్రిడ్జి మీద కారు అద్దం దించుకుని, ఇల్లు చేరేదాకా ఎత్తలేదు. లారీల మోత మధ్య అలాగే కూర్చుంది.

మర్నాడు పొద్దున్న వరండాలో గీకుతున్న చప్పుడుకి వెళ్ళి చూశాను. కోడలు కింద కూర్చుని చీపురుపుల్లతో కన్నాలు తీస్తోంది. మట్టి రాలి కింద కాగితం మీద పడుతోంది. దాంట్లో ఎండిపోయిన సాలీడు కాళ్ళు, ఉల్లిపొరలాంటి పెంకులు. తల్లి కందిరీగ పిల్లల కోసం దాచిన తిండి, పిల్లలు వదిలేసిన తొడుగులు.

"నేను తీస్తాను, లే అమ్మా" అన్నాను.

"అయిపోయిందండి." మూడో కన్నంలోంచి సన్నటి ధారగా నీళ్ళు జారాయి. ఎన్నాళ్ళ నీళ్ళో, వాసన వేశాయి. ఆ ధార ఆగేదాకా చూసి, "అద్దాలతనికి ఫోన్ చెయ్యండత్తయ్యగారూ" అంది. కాగితం మడిచి, చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుంది.

కొత్త అద్దాలు వచ్చాయి. అతను అవి బిగించి, కన్నాలకి పెట్టమని మూడు చిన్న మూతలు ఇచ్చాడు. నీళ్ళు బయటికి పోతాయి, పురుగు లోపలికి రాదు. అవి మూడూ కోడలే బొటనవేలితో నొక్కి పెట్టింది. గది మళ్ళీ నిశ్శబ్దమైంది.

ఈ ఫాల్గుణంలో కందిరీగ వచ్చింది. అదేనో, దాని పిల్లో. గదిలో ఇద్దరం ఉతికిన బట్టలు మడతపెడుతున్నాం. మూత మీద వాలింది, లేచింది, రెండోదాని మీద వాలింది. కొత్త అద్దంలోంచి దాని నడుం సన్నదనం కూడా స్పష్టంగా కనిపిస్తోంది. రెక్కల చప్పుడు లేదు. కోడలు చేతిలో చీర కొంగు అలాగే ఉండిపోయింది. మూడో మూత కూడా చూసుకుని అది ఎగిరిపోయింది.

"ఎక్కడో చోట పెట్టుకుంటదిలెండి" అని కోడలు మడత పూర్తి చేసింది.

ఆమె స్నానానికి వెళ్ళాక నేను వాకిట్లోకి వెళ్ళాను. కుళాయి పక్కన నేల ఎండి, నెర్రెలిచ్చి ఉంది. చెంబెడు నీళ్ళు పోశాను. వరండాలో, కిటికీకి దూరంగా, మావారి ఫోటో వెనక గోడ ఖాళీగానే ఉంది.

మర్నాడూ పోశాను. ఆ మర్నాడూ పోశాను. అది రాలేదు.