కుడి ముక్కులో గొట్టం

నెల రోజులుగా గొంతు బొంగురుపోయి, క్లాసులో మూడో బెంచీకి కూడా నా పాఠం వినబడటం లేదు. యూనివర్సిటీ క్యాంపస్ నుంచి నడుచుకుంటూ తార్నాకలోని ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"వెంట ఎవరొచ్చిండ్రు సార్?" అంది నర్సు.

"ఎవరూ రాలేదు."

నా భార్య పోయి ఏడాదైంది. ఆ రోజూ ఏడవలేదు, తర్వాతా లేదు. కర్మకాండంతా హాజరు వేసినట్టు వరసగా ముగించాను.

నర్సు కుడి ముక్కులో మత్తుమందు స్ప్రే చేసింది. గొంతు దాకా మొద్దుబారిపోయింది. నాకు అదేం కొత్తగా అనిపించలేదు.

డాక్టరు నన్ను నిటారుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, పువ్వు వాసన చూస్తున్నట్టు గడ్డం ముందుకు పెట్టమన్నాడు. కెమెరా ఉన్న సన్నటి గొట్టం లోపలికి దిగుతుండగా, "నొప్పి లేదు కదా?" అన్నాడు. నేను తలూపాను. ఇరవై ఏళ్లుగా డిపార్ట్‌మెంటు మీటింగుల్లో ప్రతిదానికీ తలూపిన ప్రాణం మరి.

"తలూపొద్దు సార్! లోపల గీసుకుంటది," అని విసుక్కున్నాడు.

నర్సు నా వెనక్కి వచ్చి తలకు అరచెయ్యి ఆనించింది. "నేను పట్టుకున్న సార్. బరువంతా నా చేతిల వదిలెయ్యండి."

వదిలేశాను.

కుడి కంట్లోంచి నీళ్లు కారాయి. "గొట్టం పోయిన దిక్కు కన్ను గట్లనే కారుతది," అంటూ దూదితో తుడిచింది.

భయపడాల్సిందేమీ లేదని, గంట దాకా మంచినీళ్లు కూడా తాగొద్దని చెప్పి పంపించారు. తార్నాక సిగ్నల్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడ్డాను. కుడి కన్ను అప్పటికే ఆరిపోయింది. కారుతున్నది ఎడమ కన్ను.