మంగళవారం ముగ్గు గీతలు

జూన్‌లో మా మనవరాలికి కొన్న తెల్ల క్యాన్వాస్ బూట్లు మొన్న ఉతుకుదామని తీస్తే, మూడు నెలలైనా వాటికి మట్టి అంటిన జాడే లేదు. ఆటల పీరియడు రోజున వేసుకోవలసిన బూట్లు కదా అని అడిగితే, ఆ పీరియడు మ్యాథ్స్ మేడం తీసేసుకుంటున్నారు నానమ్మా అని, అందులో వింతేముందన్నట్టు చెప్పి, మళ్లీ హోంవర్కులో పడిపోయింది. నాకు చాలా కోపం వచ్చింది. బూట్లు ఇంకా చేతిలో ఉండగానే, ఈ విషయంలో కోపపడే హక్కు రాజమండ్రిలో అందరికీ ఉన్నా నాకు మాత్రం లేదని గుర్తొచ్చింది.

నేను లెక్కల టీచరుగా మొదట చేరింది పాలకొల్లుకు దగ్గర్లో, కాలువ గట్టు పక్కనున్న ఒక హైస్కూల్లో. నా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో కొత్త టీచరుకు పదో తరగతి ఫలితాలే పరువు. మన నేల సంగతీ మీకు తెలిసిందే, వానాకాలమంతా బంకమట్టి, కాలు పెడితే చెప్పు వదులుకోవలసిందే. అందుకని దసరా సెలవులయ్యాక మా డ్రిల్లు మాస్టారు పిల్లల చేత రైసుమిల్లు నుంచి ఊక, కాలువ నుంచి ఇసుక మోయించి, పరిపించి, తొక్కించి, రెండు సరుగుడు కర్రలు పాతి ఖోఖో కోర్టు తయారు చేసేవారు. గీతలు మాత్రం ముగ్గుతో స్వయంగా వేసేవారు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వేళ్ల సందుల్లోంచి ముగ్గు వదులుతూ వెనక్కి నడిచేవారు. ఆ గీత ఎంత తిన్నగా వచ్చేదంటే, క్లాసు కిటికీలోంచి చూస్తూ, స్కేలు పెట్టినా నాకంత రాదనుకునేదాన్ని.

ఆ ఏడు పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తల్లి ఊడ్పులకూ కోతలకూ వెళ్లే మనిషి, ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని చర్చిలో ముందు వరుసలో కూర్చునేది. పిల్లకు లెక్కల్లో పాతిక మార్కులు దాటేవి కావు గానీ, ఖోఖోలో కర్ర పట్టుకుని గిర్రున తిరిగిందంటే వెంటపడిన పిల్ల ఎటు పోవాలో తెలియక నిలబడిపోయేది. జోను పోటీల్లో జట్టు గెలిస్తే దీన్ని జిల్లా జట్టులోకి తీసుకుంటారనీ, అక్కణ్ణుంచి క్రీడా హాస్టల్లో సీటొస్తే తిండీ పైచదువూ గడిచిపోతాయనీ డ్రిల్లు మాస్టారు స్టాఫ్‌రూములో ఒకటికి రెండుసార్లు చెప్పారు. నేను విని, ముందు పది గట్టెక్కాలి కదా అనుకున్నాను.

అనుకుని ఊరుకోలేదు. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, ఆఖరి పీరియడు డ్రిల్లు. వెళ్లి ఆయన్ని అడిగాను.

"ఈ ఒక్క వారం ఇప్పించండి మాస్టారూ, సిలబస్ వెనకబడిపోయింది."

"అలాగే తీసుకోండమ్మా. చదువు ముందు కదండీ."

మన వైపు మనిషికి కాదనడం చేతకాదు గదా. రెండో వారమూ ఆ మాటే అన్నారు. మూడో వారం నేను అడగనే లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే వయసు నాది, ఆయన మొహమాటాన్ని నేను ఒప్పుదల కింద తీసుకున్నాను.

విచిత్రమేమిటంటే, పిల్లలు రారని తెలిసీ ఆయన ఆ రెండు రోజులూ భోజనాల వేళ అవగానే ముగ్గు డబ్బాతో వచ్చి గీతలు వేసేవారు. కర్రలు కదులుతున్నాయేమో ఊపి చూసి, విజిలు మెడలో వేసుకుని వరండా మెట్టు మీద కూర్చునేవారు. ఆఖరి గంట కొట్టాక సైకిలెక్కి వెళ్లిపోయేవారు. పాపం అలవాటు పోలేదని నాలో నేను నవ్వుకునేదాన్ని. నేను బోర్డు మీద రాస్తుంటే ఆ పిల్ల చూపు కిటికీ వైపే ఉండేది, ఒకరోజు లేపి గోడ పక్కకు మార్చి కూర్చోబెట్టాను.

జోను పోటీల్లో మా జట్టు మొదటి ఆటలోనే ఓడి, మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేసింది. వీపు తట్టి ఖో అన్నా కూర్చున్న పిల్లలు లేచేసరికి ఆలస్యమైపోయిందట, ఒక్కతి ఎంత పరిగెత్తి ఏం లాభం. ప్రాక్టీసు చాల్లేదండి అని హెడ్మాస్టరుగారితో చెప్పి డ్రిల్లు మాస్టారు ఊరుకున్నారు. ఎవరివల్ల చాల్లేదో చెప్పలేదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. పిల్ల మాత్రం లెక్కల్లో అత్తెసరు మార్కులతో పాసైంది, నా ఫలితాలు బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు.

చాలా ఏళ్లకు పాలకొల్లు బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టింది. పైచదువు సాగలేదట, అంగన్‌వాడీలో టీచరుగా చేస్తోంది. పది పాసవ్వబట్టే వచ్చిందండి ఉద్యోగం, అంతా మీ చలవేనండి అంటూ కాళ్లకు దండం పెట్టబోయింది. అది అబద్ధమేమీ కాదు, అయినా నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోడానికి, మీ డ్రిల్లు మాస్టారు పిల్లలు రాకపోయినా గీతలు వేసుకుంటూ కూర్చునేవారు, గుర్తుందా అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అవి మా కోసమేనండి. మీరు ఎప్పుడైనా పది నిమిషాలు ముందు వదిలితే, గీతలు వేసుకోడంలో ఆ టైము పోకూడదనండి. రోజూ మాతో చెప్పేవారండి."

ఈలోగా ఆమె బస్సు వచ్చింది. నా క్లాసులో అందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియలేదన్నమాట.

మొన్న శనివారం మనవరాలి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి నేనే వెళ్లాను. అయిదంతస్తుల మేడ అది. లెక్కల టీచరు పాతికేళ్ల అమ్మాయి, చాలా మర్యాదస్తురాలు. ఆటల పీరియడు మాట ఎత్తగానే, ఈ ఒక్క నెలేనండి, సిలబస్ అవగానే ఇచ్చేస్తానండి అంది. ఎవర్ని అడిగి తీసుకున్నావమ్మా అన్నాను. అర్థంకానట్టు చూసి, అడగడానికి ఇక్కడ పీఈటీ సార్ ఎవరూ లేరు కదండీ అంది.

మెట్లు దిగి వచ్చేశాను. ఏ మంగళవారమైనా నేనొక పది నిమిషాలు ముందు వదిలి ఉంటే సరిపోయేది, బయట గీతలు వేసే ఉండేవి. ఈ అమ్మాయి గంట ముందు వదిలినా పిల్లలు దిగి వచ్చేది స్కూటర్లు పెట్టుకునే చోటుకే.