దుప్పటి కింద స్టూడియో

మేడ్చల్ నుంచి వస్తున్న బస్సులో కిటికీ అద్దం ఒకటే దడదడలాడుతుంటే, టికెట్టు మడిచి సందులో దోపబోయాను. పక్క సీట్లోని అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

“జర ఆగన్నా, గా సప్పుడే రికార్డు చేస్తున్న.”

కాసేపటికి ఇయర్‌ఫోన్ ఒకటి నాకిచ్చింది. ఫోన్లో ఓ ముసలి గొంతు నాట్ల పాట పాడుతోంది. నేను చూస్తుండగానే అద్దం దడదడను ముక్కలుగా కోసి, ఆ గొంతు కింద దరువుగా పేర్చింది. ఒళ్ళు పులకరించింది.

పాటలు తయారుచేయాలని నాకూ ఎన్నాళ్ళుగానో కోరిక. మంచి మైకు, ఓ గది కుదిరాక చూద్దామని వాయిదా వేస్తూ వచ్చాను. అందుకే, స్టూడియో ఎక్కడని అడిగాను.

“స్టూడియో ఏందన్నా! మా ఊరు రావల్కోల్‌ల మా అవ్వ మీద దుప్పటి కప్పి, బయటి సప్పుడు రాకుంట పాడిపిచ్చిన. ఉడకపోస్తాందని మస్తు తిట్టింది. గా తిట్లు గూడ పాటల ఉంచిన.”

నవ్వుతూ అల్వాల్‌లో దిగిపోయింది. పేరైనా అడగలేదు నేను.

మచ్చ బొల్లారంలో ఇల్లు చేరగానే దుప్పటి ముసుగుపెట్టి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని కూనిరాగం అందుకున్నాను. నాయిన గుమ్మంలోనే ఆగిపోయాడు.

“గీ ఎండల దుప్పటేందిరా, జరమొచ్చిందా?”

నా మొదటి పాట ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.