నెనె, నేనే

మా మేనమామ ఇచ్ఛాపురం నుంచి రంగూన్ వచ్చి వారమైంది. ఆ వారంలో మా ఆయన చేత్తో వడ్డించిన మెతుకు ఒక్కటి కూడా ముట్టలేదు. నేను బర్మా మనిషిని చేసుకున్నానని పెళ్ళికి రాలేదు. ఇన్నేళ్ళకి నా దగ్గరుంటున్న మా అమ్మని చూసిపోదామని వచ్చాడు కాబట్టి కోపం కూడా పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నాడు. మా ఆయన అన్నం గరిటె పట్టుకుంటే చాలు, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "కడుపు బాలేదమ్మా" అంటాడు. అదే గరిటె నేను అందుకుంటే మూడుసార్లు వేయించుకుంటాడు. మా ఆయన పాపం నిజమే అనుకుని సోడా తెచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్య వెళ్ళేలోగా ఆ చేతి అన్నం ఒక్క గరిటె తినాలి, అంతకుమించి నేనేం కోరలేదు.

మా ఆయన నాయనమ్మ తెలుగావిడే. ఆయనదాకా వచ్చేసరికి ఆ భాషలో అన్నం, పప్పు, ఆకలి మాత్రం మిగిలాయి. మావయ్యకా, బర్మా భాష ఒక్క ముక్క రాదు. మధ్యలో నేను దుబాసీని. ఎవరి మాటనీ ఉన్నదున్నట్టు చెప్పని దుబాసీని.

మాకో చిన్న సెకండ్‌హ్యాండ్ జపాన్ కారుంది. పేరుకి ఇంజన్లోకి గాలిని బలంగా కుక్కే టర్బో ఉంది గానీ, నలుగురం ఎక్కితే ఫ్లైఓవర్ మీద మూలుగుతుంది. మొదటిరోజే మావయ్య తీర్పు చెప్పేశాడు. "మా లారీ రివర్సులో ఇంతకన్నా జోరుగా ఎల్తాదే గుంటా." బండి బాగుందంటున్నాడని నేను మా ఆయనకి చెప్పాను. ఆ మొహం చూశాక ఆయన నమ్మలేదు.

నమ్మలేదు కాబట్టే బూస్ట్ కంట్రోలర్ తెప్పించాడు. బొటనవేలంత ఇత్తడి వస్తువు. టర్బో నుంచి వచ్చే సన్న రబ్బరు గొట్టాన్ని కోసి మధ్యలో బిగించాలి. దాని మరను బిగించేకొద్దీ టర్బో గాలి ఎక్కువ కుక్కుతుంది. ఒక పిసరు తిప్పి, అలా ఒక చుట్టు నడిపి, మీటరు చూసి, మళ్ళీ ఒక పిసరు తిప్పాలి. హద్దు దాటితే ఇంజను తన ప్రాణం కాపాడుకోడానికి తనే పెట్రోలు ఆపేస్తుందట. ఇదంతా మా ఆయన నాకు చెబుతుంటే నేను సగం విన్నాను.

ఆదివారం పొద్దున్న పజుండౌంగ్ పేట‌లో మా మేడ కింద బానెట్ లేచింది. రెండో అంతస్తు బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్టలో టీ ఫ్లాస్కు దింపుతూ చూద్దును కదా, మావయ్య లుంగీ ఎగ్గట్టి బానెట్ పక్కన నిలబడి ఉన్నాడు! లారీలు నడిపిన చెయ్యి, ఇంజను వాసన తగిలితే ఊరుకుంటుందా? మా ఆయన వంగి మర తిప్పుతూ "నెనె, నెనె" అని తనలో తను అనుకుంటున్నాడు. బర్మా భాషలో నెనె అంటే కొంచెం, కొంచెం అని.

ఉన్నట్టుండి మావయ్య స్క్రూడ్రైవరు లాక్కుని "నేనే!" అన్నాడు. మా ఆయన తల ఊపి "హౌకే ఊలే, నెనె!" అన్నాడు. అవును మావయ్యా, కొంచెమే, అని. మావయ్య ఇంకా గట్టిగా "నేనే!" అని ఇంకో తిప్పు తిప్పాడు. "నెనె, నెనె" అన్నాడు మా ఆయన, మరీ మెత్తగా. బర్మావాళ్ళకి ఆనా అని ఒక జబ్బుంది, పెద్దవాళ్ళని కాదనలేరు. పైనుంచి చూస్తున్న నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. వారంలోనే మావయ్యకి బర్మా భాష వచ్చేసింది, ఇద్దరూ కలిసిపోయారు అనుకున్నాను. టీలో చక్కెర ఎక్కువ వేయనందుకు బాధపడ్డాను కూడా.

వాళ్ళు ఇక చుట్టు తిరిగిందీ లేదు, మీటరు చూసిందీ లేదు. మావయ్య బానెట్ దభీమని మూసి "గుడికి పదండి" అన్నాడు. స్టీరింగు దగ్గర మా ఆయన, పక్కన ఒళ్ళో కొబ్బరికాయ పళ్ళెంతో మావయ్య, వెనక అమ్మా నేనూ. ఫ్లైఓవర్ మొదట్లో బండి నిజంగానే ఎగిరి దూకింది. "అదీ!" అన్నాడు మావయ్య. ఆ మాట పూర్తికాకుండానే బండి గుక్కపట్టింది. ఆగింది, దూకింది, మళ్ళీ ఆగింది. కొబ్బరికాయ ఎగిరి మావయ్య గడ్డానికి తగిలింది. అరటిపళ్ళు వెనక్కొచ్చి అమ్మ ఒళ్ళో పడ్డాయి. వెనక సిటీ బస్సు హారను మా చెవిలోనే. ఎలాగో కుంటుకుంటూ అవతలికి దిగి పక్కకి ఆగాం.

"ఎంత తిప్పావు మావయ్యా?" అన్నాను.

"ఆకరిదాకా తిప్పీసినాను. నేకపోతే ఏటే? పెద్దోణ్ణి ఎదరెట్టుకుని నేనే, నేనే అంటాడా? నాకు రోషం రాదేటి?"

నాకు ఒక్క క్షణం పట్టింది. తరవాత నవ్వాపుకోలేక డోరు పట్టుకుని నిలబడ్డాను.

"నేనే కాదు మావయ్యా, నెనె. బర్మాలో కొంచెం అని."

"కొంచమా?"

"కొంచమే. నువ్వు తిప్పినంతసేపూ కొంచెం, కొంచెం అని బతిమాలాడు."

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, లుంగీ మడతలోంచి స్క్రూడ్రైవరు తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. సంగతి మా ఆయనకి చెబితే ఆయన నవ్వలేదు సరికదా, తనదే తప్పన్నట్టు చేతులు కట్టుకున్నాడు. ఆ ఆనా చూసి నాకు ఇద్దరిమీదా ఒకేసారి కోపమొచ్చింది. ఆయన మరని పూర్తిగా వదులుచేసి మొదటినుంచీ మొదలెట్టాడు. బానెట్‌కి ఊత కమ్మీ ఉంది. అయినా మావయ్య రెండు చేతులతో బానెట్ ఎత్తిపట్టుకుని, ఆయన తిప్పుతున్నంతసేపూ కదలకుండా నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు బండి ఫ్లైఓవర్ బుద్ధిగా ఎక్కింది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన అలవాటు కొద్దీ గరిటె పట్టుకున్నాడు. మావయ్య చెయ్యి లేచింది. ఇంకేముంది, అనుకుని నేను గరిటె కోసం చెయ్యి చాపాను. మావయ్య నన్ను చూడలేదు. ఆయన్నే చూస్తూ, రెండు వేళ్ళు దగ్గరకి తెచ్చి చూపించి అన్నాడు:

"నెనె."

మా ఆయన వారం రోజుల అన్నం ఒక్కసారే గుట్టగా పోసేశాడు. మావయ్య ఆ గుట్టని చూశాడు, నన్ను చూశాడు.

"దీన్నేటే, మీ బర్మాలో కొంచమంటారా?" అని, పప్పు కలిపి, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.